మిల్లు యజమాని జీవితచరిత్ర రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

మీరు పంపిన చిత్తుప్రతి ఆసాంతం చదివాను. చిన్న పట్టణంలో ధాన్యం కమీషన్ వ్యాపారంతో మొదలుపెట్టి, తరువాత బియ్యం మిల్లు కట్టి, చివరికి లోక్‌సభకు ఎన్నికైన ఒక మనిషి జీవితాన్ని రాయడానికి మీరు పూనుకున్నందుకు ఎంతో సంతోషించాను. స్వాతంత్ర్య సమరయోధుల గురించీ, కవుల గురించీ, నటుల గురించీ మనకు జీవితచరిత్రలు బాగానే ఉన్నాయి గాని, వ్యాపారం చేసి చట్టసభకు వెళ్ళినవారి జీవితాలు ఎక్కువగా షష్టిపూర్తి అభినందన సంచికల్లోనే ఆగిపోతున్నాయి. అందుకే మీ పుస్తకం బాగా రావాలని కోరుకుంటున్నాను, నాకు తోచిన అభ్యంతరాలు కూడా దాచకుండా రాస్తున్నాను.

మీ రెండో అధ్యాయం మిల్లు ప్రారంభోత్సవంతో ముగిసింది, మూడో అధ్యాయం పార్లమెంటులో ప్రమాణ స్వీకారంతో మొదలైంది. ఈ రెండింటి నడుమ ఉన్న సంవత్సరాలను మీరు ఒక్క పేరాలో దాటవేశారు. నా దృష్టిలో ఈ పుస్తకానికి ప్రాణం ఆ పేరాలోనే ఉంది. మిల్లర్ల సంఘానికి కార్యదర్శిగా ఉన్నప్పుడు ఆయన అధికారులతో ఎలా మాట్లాడేవాడు, మార్కెట్ కమిటీ పదవి ఎవరి సిఫారసుతో వచ్చింది, పట్టణంలో అప్పుల తగాదాలు ఆయన అరుగు మీదికి ఎందుకు వచ్చేవి, పార్టీ ఆయనకు టికెట్ ఇచ్చినప్పుడు కులం లెక్క ఎంత, డబ్బు లెక్క ఎంత, మంచిపేరు లెక్క ఎంత అన్నవి తేలకుండా, మిల్లు గేటు దగ్గర కనిపించిన మనిషి ఢిల్లీలో ఎందుకు కనిపిస్తున్నాడో పాఠకుడికి బోధపడదు.

దీనికి అమెరికా నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. మిస్సోరీ రాష్ట్రంలో ఇండిపెండెన్స్ అనే ఊరికి చెందిన, తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్ 1919లో స్నేహితుడితో కలిసి పక్కనున్న కాన్సస్ సిటీలో మగవారి దుస్తుల దుకాణం తెరిచాడు. 1922లో అది మూతపడింది. భాగస్వామి కొంతకాలానికి దివాలా పిటిషన్ వేసినా, ట్రూమన్ మాత్రం, మన వ్యాపారుల మాటలో చెప్పాలంటే, ఐ.పి. పెట్టకుండా ఏళ్ళ తరబడి ఆ బాకీలు తీరుస్తూ వచ్చాడు. 1934లో అక్కడి ఎగువ సభ అయిన సెనేట్‌కు ఎన్నికయ్యాడు, 1941లో రక్షణ ఖర్చులలో దుబారాను విచారించే సంఘానికి అధ్యక్షుడై దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. దుకాణంలో నష్టపోయినవాడు కాబట్టి ప్రజాధనం విలువ తెలుసుకున్నాడని రాసేస్తే వాక్యం బాగానే ఉంటుంది గాని, అది పూర్తి నిజం కాదు. నడుమ ఆయన జాక్సన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పాలకమండలిలో ఏళ్ళపాటు పనిచేశాడు, రోడ్ల కాంట్రాక్టులు చూశాడు, తనను గెలిపించిన స్థానిక రాజకీయ ముఠా ఒత్తిడి ఎలాంటిదో అనుభవించాడు. గుత్తేదారు బిల్లును ఎక్కడ గిల్లి చూడాలో ఆయనకు నేర్పింది దుకాణం కంటే ఎక్కువగా ఆ రోడ్ల పనే అని నేను అనుకుంటాను. మీ కథానాయకుడి విషయంలో అలాంటి నడిమి మెట్టు ఏదో మీరే వెతికి పట్టుకోవాలి. పురపాలక సంఘం తీర్మానాల పుస్తకాలు, మిల్లర్ల సంఘం మినిట్సు, ఆనాటి జిల్లా పత్రికల సంచికలు ఇందుకు ఆధారాలు. ఆయన ఇంట్లో ఉన్న ఫోటో ఆల్బమ్ ఒక్కటే చాలదు.

ఇక వ్యాపారం సంగతి. ఆయన కష్టపడి పైకి వచ్చాడని మీరు చాలాచోట్ల రాశారు గాని, ఏ కష్టమో ఎక్కడా చూపలేదు. బియ్యం మిల్లు నడవడమంటే ఏమిటో ముందు మీరు నేర్చుకోవాలి. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద చాలా కాలం లెవీ విధానం ఉండేది. మిల్లరు తాను ఆడించిన బియ్యంలో నిర్ణీత భాగాన్ని ప్రభుత్వం చెప్పిన ధరకు అప్పగిస్తేనే మిగిలినది బయట అమ్ముకోవడానికి అనుమతి దొరికేది. 2015 అక్టోబరులో అది రద్దయ్యేవరకు మిల్లు లాభనష్టాలు యంత్రం మీద ఎంత ఆధారపడ్డాయో, ప్రభుత్వ ఉత్తర్వు మీద, దానిని అమలు చేసే అధికారి సంతకం మీద అంతే ఆధారపడ్డాయి. వ్యాపారికి రాజకీయం అవసరమని అనిపించడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. ఆశయాల గురించి ఆయన ఇచ్చిన ఉపన్యాసాలలో దీన్ని వెతకడం వృథా.

కోతల రోజుల్లో ఒక వారం మిల్లు దగ్గర కాటా పక్కన నిలబడండి. రైతు తెచ్చిన ధాన్యంలో గుప్పెడు తీసి తేమ కొలిచే యంత్రంలో పోస్తారు. ప్రభుత్వ కొనుగోలు నిబంధన ప్రకారం తేమ 17 శాతం దాటకూడదు. దాటిందంటే తరుగు, అంటే తూకంలో కోత, మొదలవుతుంది, బస్తాకు ఎన్ని కిలోలు తీయాలన్న దగ్గర బేరం నడుస్తుంది, రైతు ముఖం చిన్నబోతుంది, గుమస్తా తలెత్తకుండా చిట్టాలో అంకె వేస్తాడు. మీ కథానాయకుడి ఆస్తి పెరిగింది ఈ కాటా మీదే. ఆయన తరుగు న్యాయంగా తీశాడా, అన్యాయంగా తీశాడా అన్నది ఆయనకు ధాన్యం తోలిన రైతులు, ముఠా కూలీలు, పాత గుమస్తాలు చెప్పాలి. వారి మాటలు ఒకదానితో ఒకటి సరిపోలకపోవచ్చు. అప్పుడు రెండు మాటలూ రాయండి, వీలైతే మిల్లు చిట్టా ఆవర్జాలతో పోల్చి చూసి రాయండి, అంతేగాని మీకు నచ్చినది ఉంచి రెండోది కొట్టివేయకండి.

పార్లమెంటు అధ్యాయాలలో మీరు ఎదుర్కోబోయే చిక్కు వేరు. ఫలానా బిల్లుకు ఆయన అనుకూలంగా ఓటు వేశాడా, వ్యతిరేకంగా వేశాడా అని మీరు వెతుకుతారు, చాలాసార్లు మీకు జవాబు దొరకదు. మన సభలలో ఎక్కువ నిర్ణయాలు మూజువాణి ఓటుతోనే, అంటే అవును, కాదు అన్న కేకలను బట్టే జరుగుతాయి, డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరినప్పుడే పేరుపేరునా లెక్క నమోదవుతుంది. అదీగాక 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేరిన తరువాత పార్టీ విప్‌ను, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశాన్ని, ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు పదవి పోగొట్టుకోవలసి వస్తుంది కాబట్టి, ఓటు లెక్క దొరికినా అందులో మనిషి కనిపించడు. ఆయన వేసిన ప్రశ్నలలో కనిపిస్తాడు. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు మాత్రమే మౌఖిక సమాధానానికి స్థానం ఉంటుంది, వాటిలోనూ చాలావాటి వంతు రాకముందే ప్రశ్నోత్తరాల గంట గడిచిపోతుంది, తక్కినవాటికి లిఖితపూర్వక సమాధానాలే వస్తాయి. ఆ ప్రశ్నలన్నీ సంవత్సరాల వారీగా ఒక పట్టికగా రాసుకోండి. తన నియోజకవర్గం రైల్వే గేటు గురించి ఎన్ని అడిగాడు, రైతు మద్దతు ధర గురించి ఎన్ని, మిల్లర్లకు రావలసిన బకాయిల గురించి ఎన్ని అన్నది చూస్తే, ఏ ఇంటర్వ్యూలోనూ ఆయన చెప్పని సంగతి మీకు తెలుస్తుంది. ఒక్కో శాఖ పనిని పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘాల నివేదికలు కూడా వదలకండి. 1993 నుంచి ఉన్న ఈ సంఘాల సమావేశాలు తలుపులు మూసుకొని జరిగినా, నివేదిక వెనుక చేర్చే మినిట్సులో ఎవరు హాజరయ్యారో ఉంటుంది, ఎవరైనా అసమ్మతి పత్రం ఇచ్చి ఉంటే అదీ ఉంటుంది.

నియోజకవర్గ అభివృద్ధి నిధుల గురించి మీరు రాసిన పుటలను కుదించండి. ఆ సామాజిక భవనాలను ఆయన కట్టించలేదు. ఎంపీ పనిని సిఫారసు చేస్తాడు, మంజూరు చేసి చేయించేది జిల్లా యంత్రాంగం. సిఫారసు ఏ ఊళ్ళకు వెళ్ళింది, ఏ ఊళ్ళకు వెళ్ళలేదు అన్నది మాత్రం రాయదగిన విషయం.

ఆస్తుల విషయంలో తొందరపడవద్దు. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల తరువాత ప్రతి అభ్యర్థి నామినేషన్‌తో పాటు తన ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు, చదువు ప్రమాణపత్రంలో చెప్పాలి. ఒక ఎన్నికకూ తరువాతి ఎన్నికకూ నడుమ ఆస్తి ఇన్ని రెట్లు పెరిగిందని మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ పత్రంలో భూమికి కొన్న ధర వేరుగా, ప్రస్తుత మార్కెట్ విలువ వేరుగా ఉంటాయి. కొత్తగా ఒక్క సెంటు కొనకపోయినా, ఊరి పక్క పొలం లేఅవుట్లకు దగ్గరైతే అంకె ఎగబాకుతుంది. కాబట్టి సర్వే నంబర్లను పక్కపక్కన పెట్టి, పాత ఆస్తి విలువ పెరిగినదెంత, కొత్తగా చేరిన ఆస్తి ఎంత అని విడదీయండి. అప్పుల గడి కూడా చదవండి, కొత్త ఆస్తికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కొన్నిసార్లు అక్కడే తెలుస్తుంది. ఎన్నికల ఖర్చు లెక్కలను, ఫలితం వచ్చిన 30 రోజుల లోపల అభ్యర్థి సమర్పించవలసిన వాటిని, తెచ్చుకోండి. అసలు ఖర్చు అంతకంటే ఎక్కువని ఊరంతా చెప్పుకుంటున్నదని రాయాలనిపిస్తుంది. చెప్పినవారి పేరు వేయడానికి వారు ఒప్పుకుంటేనో, కాగితం ఉంటేనో రాయండి, లేకపోతే ఆ అంకెను మాత్రమే రాసి ఊరుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని నాకు అనిపించేది. తన వ్యాపారానికి సంబంధించిన విషయం సభ ముందుకు వచ్చిన రోజున ఆయన ఏం చేశాడు? లెవీ గురించో, ధాన్యం సేకరణ గురించో చర్చ జరిగినప్పుడు మాట్లాడాడా, మాట్లాడితే నేను కూడా మిల్లు యజమానినే అని ముందుగా చెప్పాడా, లేక రైతుల తరఫున మాట్లాడుతున్నట్టు మాట్లాడి మిల్లర్లకు కావలసింది అడిగాడా, లేక సభలో లేకుండా ఉన్నాడా? సభ్యుడికి సొంత ఆర్థిక ప్రయోజనం ఉన్న విషయంలో అతని ఓటును ప్రశ్నించడానికి లోక్‌సభ నియమావళి 371వ నియమం అవకాశం ఇస్తుంది. రాజ్యసభలో సభ్యుల వ్యాపార ప్రయోజనాలకు ఒక రిజిస్టరే ఉంది. అంటే ఇది మీరూ నేనూ కల్పించుకున్న సందేహం కాదు, సభలే గుర్తించిన సమస్య. మిల్లు ఇబ్బందులు తెలిసినవాడు కాబట్టే ఆయన ఆ చర్చలో అందరికంటే అర్థవంతంగా మాట్లాడి ఉండవచ్చు, అనుభవం ఉన్న సభ్యుడి విలువ అదే. ఆ అనుభవమూ, స్వార్థమూ ఒకే ఉపన్యాసంలో కలిసి ఉండటం కూడా సాధ్యమే. ఆయన్ను దొంగగా చూపడానికో దేవుడిగా చూపడానికో తొందరపడకుండా ఆ ఒక్క రోజును పూర్తిగా, గంట గంటకూ, సభా చర్చల రికార్డుల సాయంతో రాయగలిగితే మీ పుస్తకం నిలబడుతుంది.

చివరగా ఒక ఆచరణకు సంబంధించిన మాట. ఆయన కుటుంబం అచ్చు ఖర్చు భరిస్తామన్నదని రాశారు. దయచేసి ఒప్పుకోవద్దు. కాగితాలు చూడనివ్వమని అడగండి, జ్ఞాపకాలు చెప్పమని అడగండి, తేదీల తప్పులు దిద్దమని కోరండి, కాని అచ్చుకు ముందు రాతప్రతిని ఆమోదించే హక్కు ఎవరికీ ఉండదని మొదటి రోజే ఉత్తరం రాసి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. వారు నొచ్చుకుంటారు, కొన్ని పెట్టెలు మీకు తెరవరు. తెరిచినవాటితోనే, మిగిలిన లోటును పురపాలక, పార్లమెంటు రికార్డులతో పూరించుకుంటూ రాయండి.

మొదటి అధ్యాయాన్ని మళ్ళీ దిద్దుతూ కాలం గడపకండి. ముందు ఆ ప్రశ్నల పట్టిక తయారు చేసి, లెవీ అధ్యాయం రాసి నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి