పక్క బటన్ మీద పడిన వేలు

ప్రశ్న: మా అబ్బాయికి టీవీ ఛానల్లో విజన్ మిక్సర్ ఉద్యోగం వచ్చింది. ఏం పనండీ అది? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పదకొండేళ్లు ఆ కుర్చీలోనే కూర్చున్నానమ్మా. లైవ్‌లో అన్ని కెమెరాల బొమ్మలూ ఎదురుగా కనిపిస్తుంటాయి. మీ ఇంటి టీవీలో ఏది రావాలో ఆ బటన్ నొక్కేది మీవాడే. ఎర్రగా వెలిగే బటన్ ప్రసారంలో ఉన్నది, పచ్చగా వెలిగేది తర్వాత వెళ్లాల్సింది. డైరెక్టర్ 'రెండు' అనగానే రెండో కెమెరా బటన్ మీద వేలు పడాలి.

ఒకసారి భద్రాచలం కల్యాణంలో సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన నా వేలు పక్క బటన్ మీద పడింది. సీతారాములకు బదులు, మజ్జిగ తాగుతున్న ఓ పెద్దాయన! రెండు సెకన్లే. మా అమ్మ ఫోన్ చేసి మరీ తిట్టింది.

పండగలకు ఇంట్లో ఉండడని ఇప్పుడే అనుకోండి. టిఫిన్ తినిపించి పంపండి, షో మధ్యలో లేవడానికుండదు.