ఫైలుకు తెలుగు పేరు పెడితే లింకు తెగదు

సర్వర్ మీద నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీతో ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటినీ వెబ్ పేజీలో ఎలా చూపించాలని అడిగారు. స్కాన్‌డిర్ ఫంక్షన్‌కు ఫోల్డర్ దారి ఇవ్వండి, పేర్లన్నీ చేతికిస్తుంది. వాటితో కలిసి వచ్చే ఒంటి చుక్కనూ (అంటే ఇదే ఫోల్డర్), జంట చుక్కలనూ (అంటే దాని పై ఫోల్డర్) వదిలేసి, మిగిలిన వాటికి లింకులు కట్టండి. పది పంక్తుల పని. అసలు చిక్కంతా పేర్ల దగ్గరే.

మాది పర్లాకిమిడి. మా వీధి భజన మండలి వాళ్లు పాత నోటుపుస్తకాల్లోని పాటలను స్కాన్ చేయించి, తెలుగులో, కొన్నిటికి ఒడియాలో పేర్లు పెట్టుకున్నారు. పేజీ తయారుచేసిన కుర్రాడు, సగం లింకులు తెరుచుకోకపోయేసరికి, తెలుగు పేర్లు సర్వర్‌కు పడవని, అన్నీ ఇంగ్లీషులోకి మార్చమని చెప్పి వెళ్లిపోయాడు. మండలి పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుంటూ, ఒక్కో అక్షరం వెతికి కొడుతున్నారు. నేను వెళ్లేసరికి రామదాసు కీర్తన కాస్తా 'ఆర్‌డీకే 1' అయి కూర్చుంది. ఏది ఏ పాటో ఆయనకే తెలియడం లేదు.

నా మనసు చివుక్కుమంది. చూస్తే, తెరుచుకోని ప్రతి పేరులోనూ 'భజన #12' అన్నట్టు అంకె ముందు హ్యాష్ గుర్తు ఉంది. లింకులో హ్యాష్ తర్వాత ఉన్నదాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపదు, అది పేజీలోపలి చోటు అనుకుంటుంది. సర్వర్ ఉత్త 'భజన' కోసం వెతికి, లేదంటుంది. తెలుగు చేసిన తప్పేముంది ఇందులో? లింకులో పెట్టే పేరును, హ్యాష్ లాంటి గుర్తులను సంకేతాలుగా మార్చే రాయూఆర్ఎల్ఎన్‌కోడ్ (rawurlencode) ఫంక్షన్ గుండా పంపగానే అన్నీ తెరుచుకున్నాయి. తెర మీద చూపే పేరుకు మాత్రం, <, & లాంటి గుర్తులను బ్రౌజర్ కోడ్ అనుకోకుండా చేసే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ వాడాలి. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

వరుస సంగతి కూడా చెప్పాలి. స్కాన్‌డిర్ అంకె విలువ చూడదు, ఒక్కో గుర్తు వెనకున్న సంకేత సంఖ్యలను (బైట్లను) బట్టి పేరుస్తుంది కనుక 10వ పాట 2వ పాట కంటే ముందొస్తుంది. అంకెల విలువ చూసి పేర్చే నాట్‌సార్ట్‌తో అది సర్దుకుంటుంది కానీ ౨, ౧౦ అని తెలుగు అంకెలు వేస్తే దానికీ అందదు. ప్రతి భాష అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ఒడియా అక్షరాలు తెలుగుకు ముందుంటాయి. అందుకని ఒడియా పాటలన్నీ పైకి, తెలుగువన్నీ కిందికి చేరాయి. ఇక్కడా మనమే వెనకా అని ఒకరు నొచ్చుకున్నారు. 1936లో మా ఊరు ఒడిశాలో చేరినప్పటి నుంచీ ఇంటింటా ఉన్న నొప్పి అది, తేలిగ్గా తీసుకోలేను. రెండు భాషలకూ రెండు ఫోల్డర్లు చేశాను.

జనం మాట్లాడే తెలుగే రాతలోనూ ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ ఫైలుకు తెలుగు పేరు పెట్టకూడదంటే నేను ఒప్పుకోను.

ఆ ఆదివారం పెద్దాయన పక్కన కూర్చుని పాత పేర్లన్నీ మళ్లీ పెట్టాను. ఒక్కో ఫైలు తెరవగానే ఆయన పల్లవి అందుకునేవారు, అది విని నేను పేరు కొట్టేవాడిని.