‘కనబడలేదు’ అంటే చేయలేదని కాదు

ప్రశ్న: డయాబెటిస్ ఎలుకల మీద చేసిన పనిని బయోఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ప్రిప్రింట్‌గా (జర్నల్ పరిశీలనకు ముందే అందరికీ కనబడే పేపర్‌గా) పెట్టాలనుకుంటున్నాం. పెట్టేముందు, పేపర్‌లో పద్ధతుల వివరాలు ఉన్నాయో లేదో చూసే సైస్కోర్ అనే టూల్‌లో వేసి చూస్తే ర్యాండమైజేషన్ (ఏ ఎలుక ఏ గుంపులోకో లాటరీలా తేల్చడం), బ్లైండింగ్ (కొలిచేవాళ్లకు ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకుండా ఉంచడం) రెండూ ‘కనబడలేదు’ అని వచ్చింది. నిజానికి చీటీలు తీసి ఎలుకలను రెండు గుంపులు చేశాం. బ్లైండింగ్ మాత్రం చేయలేదు. ‘చేశాం’ అని ఒక ముక్క కలిపేయమంటున్నాడు సీనియర్. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. కలపవచ్చా మేడమ్?
– ఒక రీసెర్చ్ స్కాలర్, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా. చీటీల సంగతి రాయండి. బ్లైండింగ్ చేయలేదు కాబట్టి చేయలేదనే రాయండి.

ఆ టూల్ మీ ల్యాబ్‌కు వచ్చి చూడలేదు కదా. మీరు రాసింది చదివింది, అందులో ఆ మాట దొరకలేదంది, అంతే. బహుశా మీ డ్రాఫ్ట్‌లో ‘రెండు గుంపులుగా విభజించాం’ అని మాత్రమే ఉండి ఉంటుంది. ఎలా విభజించారు? చేతికి దొరికినవాటిని ముందు తీసి ఒక బోనులో వేస్తే, పరిగెత్తలేని నీరసపు ఎలుకలన్నీ అందులోనే చేరతాయి. చదివేవాళ్లకు వచ్చే అనుమానం అదే.

స్కోరు చూసి బెంగపడకండి. 2020లో కరోనా ప్రిప్రింట్లు కుప్పలుగా వచ్చిపడుతున్నప్పుడు కొందరు పరిశోధకులు ఇలాంటి టూల్స్ కొన్నిటిని కలిపి, 6,500కు పైగా ప్రిప్రింట్లను జల్లెడ పట్టారు. రిపోర్టులు అందరికీ కనబడేలా పెట్టారు. టూల్స్ పొరపడతాయనీ, ఒక అంశం ఫలానా పేపర్‌కు అవసరమో కాదో తేల్చలేవనీ చెప్పింది కూడా వాళ్లే. ఎలుకే లేని కంప్యూటర్ మోడల్ పేపర్‌లోనూ ర్యాండమైజేషన్ ‘కనబడలేదు’ అని రావచ్చు మరి.

వాళ్లు వాడినవాటిలో బార్జూకా అని ఒకటుంది. అది పేపర్‌లోని బొమ్మలు చూసి బార్ గ్రాఫులను పట్టుకుంటుంది. మీ పేపర్‌లో బార్ గ్రాఫులు ఉంటే ఇది వినండి. ఒక గుంపులో ఆరు ఎలుకల షుగర్ 190 నుంచి 210 మధ్య ఉంది. రెండో గుంపులో మూడింటికి 120, మూడింటికి 280. రెంటి సగటూ 200, రెండు బార్లూ ఒకే ఎత్తు! సగం ఎలుకలకు మందు పనిచేసి ఉండవచ్చన్న అసలు కబురు ఆ బార్ కింద కప్పబడిపోతుంది. బార్ బదులు ఎలుకకొకటి చొప్పున ఆరు చుక్కలు పెట్టండి, కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. రంగుల్లో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వాడకండి. ఆ తేడా తెలియనివాళ్లూ చదువుతారు.

డేటా గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. నా పేపర్ ఒకదాని చివర ‘అడిగితే ఇస్తాం’ అని రాశాను. ఆరేళ్ల తర్వాత ఒక అమ్మాయి నిజంగానే అడిగింది. ఫైళ్లున్న పాత సీపీయూని కాలేజీవాళ్లు అప్పటికే స్క్రాప్ కింద అమ్మేశారు. నా దగ్గర మిగిలింది సగటుల పట్టిక ఒక్కటే. ఆ పిల్లకు ఏమని జవాబు రాయాలో తెలియక వారం రోజులు ఆ మెయిల్ తెరిచి మూశాను. ఇప్పటికీ బాధే. మీరు ఎక్సెల్ షీటుని, డేటాను ఆన్‌లైన్‌లో భద్రపరిచే జెనోడో సైట్‌లో పెట్టి, ఆ లింకు పేపర్‌లో ఇవ్వండి. ఒక్కో ఎలుకకు ఒక్కో వరుస ఉండాలి. మధ్యలో చనిపోయినవి ఉంటే వాటినీ తీసేయకండి.

బ్లైండింగ్ చేయలేదన్న వాక్యం లిమిటేషన్స్‌లో, అంటే పని పరిమితులు చెప్పుకునే భాగంలో, రాయండి. షుగర్ కొలిచినవాళ్లకు ఏ ఎలుక ఏ గుంపుదో తెలుసు అని కూడా అక్కడే చెప్పేయండి.