అతుక్కున్న కణం అడుగు ఎలా తీస్తుంది?

పిండంలో కణాలు తమ చోటికి చేరడానికి వాటిని అతికించే అణువులే దారి చూపుతాయని అంటున్నారు కదా, మరి అతుక్కున్న కణం అసలు కదిలేది ఎలా అని మీరు అడిగారు. పాఠ్యపుస్తకాలు ఈ అణువులను ‘జిగురు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం వల్లనే ఈ సందేహం పుడుతున్నదని నా గట్టి అభిప్రాయం. హనుమకొండలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించిన నేను కూడా చాలాకాలం అదే మాట చెప్పాను. ఒక క్యాన్ బోరు నీళ్లు నా చేత ఆ మాట మాన్పించాయి.

దాదాపు ఇరవై ఏళ్ల కిందట పీజీ విద్యార్థుల చేత ఒక ప్రయోగం మొదలుపెట్టించాను. హేచరీ నుంచి తెచ్చిన గుడ్లను ఏడు రోజులు పొదిగించి, కోడి పిండం కంటిలోని రెటీనాను తీసి, కాల్షియం లేని ఉప్పు ద్రావణంలో ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్ అనే ఎంజైమును కలిపి, కణాలను విడివిడిగా చేయాలి. మూడు రోజులు పిపెట్‌తో ఎంత పీల్చి వదిలినా రెటీనా పేలికలైందే తప్ప కణాలు విడిపోలేదు. ట్రిప్సిన్ పాతదేమోనని అమ్మినవాడిని తిట్టుకున్నాను. నాలుగో రోజు, నీళ్లు మరిగించిన ఫ్లాస్కు అడుగున, మన ఇళ్లలో వేడినీళ్ల గిన్నెలకు పట్టేలాంటి తెల్లటి పొర కనిపించింది. అటెండరును పిలిచి అడిగితే, “డిస్టిల్డ్ వాటర్ మిషన్ ఖరాబై నెల దాటింది గద సార్, బోరు నీళ్లే నింపిన, తేటగనే ఉన్నయి” అన్నాడు. తేటగానే ఉన్నాయి, కానీ వాటి నిండా కాల్షియమే. ఆ యంత్రం మరమ్మతు కోసం నేను పెట్టిన కాగితం ఎక్కడ ఆగిపోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

బ్యాటరీల దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ కొనుక్కొచ్చి ద్రావణం మళ్లీ చేశాము. అరగంట కూడా గడవకముందే అది బియ్యం కడిగిన నీళ్లలా మారింది. మైక్రోస్కోపు కింద కణాలు విడివిడిగా, గుండ్రంగా తేలాయి. ట్రిప్సిన్ కడిగేసి, కాల్షియం ఉన్న ద్రావణంలో వెచ్చగా ఉంచితే, తెల్లవారేసరికి అవి చిన్న చిన్న ఉండలు కట్టాయి. కాల్షియం ఉన్నంతసేపు ట్రిప్సిన్ కోయలేని ఒక పట్టు కణాల మధ్య ఉన్నదని జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకేయిచి 1977లోనే చూపించారు. ఆ పట్టు పట్టే ప్రోటీన్లకే తరువాత కాడ్హెరిన్లు అని పేరు పెట్టారు. మా వైఫల్యానికి కారణం బోరు నీళ్లేనని నాకు రవ్వంత అనుమానం లేదు.

ఇక మీ ప్రశ్నకు వస్తే, కణానికి ఒకటి కాదు, రెండు పట్లు ఉంటాయి: కాడ్హెరిన్లతో పక్క కణాన్ని పట్టుకుంటుంది, ఇంటెగ్రిన్లతో కాలి కింది నేలను, అంటే ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లు పరిచిన జాలాన్ని పట్టుకుంటుంది. వెన్నుపాము కానున్న నాళం పైఅంచు నుంచి బయలుదేరే న్యూరల్ క్రెస్ట్ కణాలు ముందుగా తమ కాడ్హెరిన్లను తగ్గించుకొని పక్కవారి చేయి వదులుతాయి. ఆ తరువాతే ఇంటెగ్రిన్లతో నడక మొదలుపెడతాయి. నాట్లు వేసే మడిలో నడిచినవారికి ఈ నడక సులభంగా అర్థమవుతుంది. బురద మరీ బంకగా ఉంటే కాలు పైకి రాదు, నేల మరీ నున్నగా ఉంటే అడుగు నిలవదు. కణం కూడా ముందువైపు కొత్త పట్టు పడుతూ, వెనుకవైపు పాత పట్టు వదులుతూ సాగుతుంది. పట్టు మధ్యస్థంగా ఉన్నప్పుడే దాని వేగం ఎక్కువ.

అయితే నేల ఒక్కటే దారి చూపదు. కోడి పిండం మొండెం భాగంలో ఈ కణాలు ప్రతి సోమైట్ (వెన్నుపూసలు, కండరాలు కానున్న కణాల ముద్ద) ముందు సగం, అంటే తల వైపు సగం గుండానే వెళతాయి, ఎందుకంటే వెనుక సగంలోని ఎఫ్రిన్లు అనే ప్రోటీన్లు వాటిని తిప్పికొడతాయి. మన వెన్ను నరాలు వరుసగా, సమానమైన ఎడంతో ఉండటానికి ఒక కారణం అదే. పేగులో నాడీకణాలు కావడానికి వెళ్లే న్యూరల్ క్రెస్ట్ కణాల దారి ఇంకా దూరం. ఎలుకల్లో ఈ కణాలకు బీటా-1 ఇంటెగ్రిన్ లేకుండా చేస్తే అవి పెద్దపేగు చివరిదాకా చేరలేవు. పసిపిల్లల్లో హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి అనేది కూడా ఇలా నాడీకణాలు చేరని పేగు కథే. ఆ భాగం మలాన్ని ముందుకు నెట్టలేదు కాబట్టి దానిని కోసి తీసేయవలసి వస్తుంది. సిలబస్‌లో మాత్రం దీనికి ఒక్క వాక్యం కూడా దక్కలేదు, బొమ్మ గీసి భాగాలు గుర్తించమనే ప్రశ్నకు మార్కులు మాత్రం ఉన్నాయి.

చేరవలసిన చోటికి చేరాక ఆగడమూ పట్టు పనే. వెన్నుపాము పక్కన స్పర్శ నాడీకణాలు కానున్నవి తాము వదిలేసిన ఎన్-కాడ్హెరిన్ అనే రకం కాడ్హెరిన్‌ను మళ్లీ పైకి తెచ్చుకొని, ఒకదానినొకటి పట్టుకొని గుంపు కడతాయి. మా గాజు పళ్లెంలో ఆ రాత్రి రెటీనా కణాలు చేసింది దాదాపు ఇదే.