మార్కో గురించి రాసే ముందు

చిరంజీవి సాహితికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్' అనే జపాన్ ఆనిమే (యానిమేషన్ సీరియల్) అనగానే అందరూ హీరో ఎడ్వర్డ్ గురించో, సైన్యంలోని రాయ్ మస్టాంగ్ గురించో రాస్తారు. విలన్లంటే మోజున్నవాళ్లు కింబ్లీని పట్టుకుంటారు. నువ్వు డాక్టర్ టిమ్ మార్కోని ఎంచుకున్నావు. 64 ఎపిసోడ్ల కథలో ఆయన కనిపించేది కాసేపే. చెప్పుకోదగ్గ ఫైటు ఒక్కటే ఉంది, పోస్టర్ల మీద ఆయన బొమ్మే ఉండదు. కానీ ఎడ్వర్డ్, ఆల్ఫోన్స్ అన్నదమ్ములిద్దరికీ అసలు నిజం దాకా దారి చూపింది ఆయనే. నీ ఎంపిక నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

నా అభ్యంతరం నీ మొదటి వాక్యం దగ్గరే మొదలైంది. "మార్కో మంచివాడు, పరిస్థితులు ఆయన చేత చెడు చేయించాయి" అని మొదలుపెట్టావు. తీర్పు ముందే ఇచ్చేశాక ఇక విశ్లేషించడానికి ఏం మిగిలింది? మిగతా పేజీలన్నీ ఆయన తరఫున వకాల్తాలా తయారయ్యాయి. ఇలాంటి పాత్ర మీద రాసేటప్పుడు ముందు ఒక కాగితం తీసుకుని, విశేషణాలు లేకుండా, ఆయన ఏం చేశాడో మాత్రం వరసగా రాసుకో. కథలోని లెక్క ప్రకారం 1901లో, అమెస్ట్రిస్ అనే కల్పిత దేశపు సైనికాధికారి తుపాకీ గుండుకి, ఆ దేశం ఏలుబడిలోని ఇష్వాల్ ప్రాంతంలో ఒక చిన్నపిల్ల చనిపోతుంది. అక్కడ మొదలైన గొడవ ఏడేళ్లు నడుస్తుంది. 1908లో 3066వ నంబరు ఆదేశంతో స్టేట్ ఆల్కెమిస్టులను, అంటే సైన్యం కింద పనిచేసే రసవాదులను, ఇష్వాల్ మీదికి పంపుతారు. మార్కో పని యుద్ధరంగంలో కాదు, ల్యాబులో. పట్టుబడ్డ ఇష్వాలన్లను ప్రాణాలతో ఉండగానే వాడి, రసవాద శక్తిని ఎన్నో రెట్లు పెంచే ఫిలాసఫర్స్ స్టోన్ అనే రాయిని తయారుచేశాడు. ఆ రాయి కింబ్లీ చేతికి వెళ్లింది. దాంతో కింబ్లీ ఇంకెంతమందిని చంపాడో 30వ ఎపిసోడ్‌లో చూశావు. తరవాత మార్కో సైన్యం నుంచి పారిపోయాడు, కొంత పరిశోధన, కొంత స్టోన్ తీసుకుని.

నీ వ్యాసంలో "చేయాల్సి వచ్చింది" అని ఎక్కడెక్కడ రాశావో చూసుకుని, అక్కడల్లా "చేశాడు" అని మార్చి మళ్లీ చదువు. కొన్ని వాక్యాలు నీకే నమలడానికి కష్టంగా ఉంటాయి. ఆ కష్టంగా ఉన్న చోటే నీ వ్యాసం మొదలవ్వాలి.

ఇప్పుడు పారిపోయి ఒక పల్లెటూళ్లో తలదాచుకున్న మార్కో సంగతి. దీని మీద నువ్వు ఒక్క పేరా రాసి దాటేశావు, "మౌరో అనే మారుపేరుతో ఊరివాళ్లకు సేవ చేశాడు" అని. నా లెక్కలో ఆ పాత్ర కీలకమంతా అక్కడే ఉంది. ఎడ్వర్డ్ వాళ్లు ఆరా తీసినప్పుడు ఊరివాళ్లు ఏమంటారో గుర్తు తెచ్చుకో. డాక్టరుగారు చాలా మంచివారు, ఆశ వదులుకున్న కేసులని కూడా బతికించారు, వైద్యం చేస్తుంటే వెలుగు మెరుస్తుంది అంటారు. మొదటిసారి చూసినప్పుడు మనకి ఆ వెలుగు ముచ్చటగా అనిపిస్తుంది. పాపం, ఎక్కడో దాక్కున్న దేవుడిలాంటి డాక్టరు అనుకుంటాం. తరవాత లోపల ఆయన గొట్టంలోంచి ఎర్రటి ద్రవం బల్ల మీద పోస్తాడు. అది పారిపోకుండా తనంతట తాను ముద్దగా దగ్గరకి చేరుతుంది. అసంపూర్ణమైన స్టోన్ అది. దాని ముడిసరుకు ఏమిటో అప్పటికి మనకి తెలియదు. ఎడ్వర్డ్ ఆయన పరిశోధన కాగితాల చిక్కుముడి విప్పేదాకా తెలియదు.

తెలిశాక వెనక్కి వెళ్లి అదే సీన్ మళ్లీ చూడు. ఊరివాళ్లు పొగుడుతున్న ఆ వెలుగులో ఏం ఖర్చవుతోంది? ఇష్వాలన్ల ప్రాణాలు. ఒక పల్లెటూరి మనిషి కాలు బాగైనప్పుడల్లా, జ్వరం తగ్గినప్పుడల్లా, యుద్ధంలో పోయినవాళ్లలోంచి కొంత ఖర్చవుతోంది. ఊరివాళ్లకి ఈ సంగతి తెలియదు. మార్కోకి తెలుసు. మనకి ఆయన మీద ఇష్టం నిజం తెలియకముందే పుట్టింది. రచయిత్రి హిరోము అరకావా కావాలనే ఆ వరసలో చెప్పింది. నీ వ్యాసం చదివేవాళ్లకి కూడా ఆ కుదుపు తగలాలి.

అయితే ఇది తప్పే అని తేల్చెయ్యమని కూడా అనను. ఆ రాయి వాడకపోతే చచ్చిపోయినవాళ్లు తిరిగొస్తారా? రారు. ఇదే ప్రశ్న కథలో వేరేవాళ్ల ముందుకీ వస్తుంది. ఎడ్వర్డ్, ఆల్ఫోన్స్ పోగొట్టుకున్న తమ శరీరాలను తిరిగి తెచ్చుకోవడం కోసం ఆ రాయి వాడబోమని తేల్చుకుంటారు. కానీ తరవాత కింబ్లీ దగ్గర దొరికిన రాయిని ఆల్ఫోన్స్ యుద్ధంలో వాడతాడు. ఇందులో ఉన్నవాళ్లు కూడా దేశాన్ని కాపాడటానికి పోరాడాలనే కోరుకుంటారేమో అని, అతని పక్కనే ఉన్న హైన్‌కెల్ నచ్చచెప్పాకే వాడతాడు. వద్దన్న ఎడ్వర్డ్, నలిగి నలిగి ఒక్కసారి వాడిన ఆల్ఫోన్స్, రోజూ వాడిన మార్కో. వీళ్లు ముగ్గురినీ పక్కపక్కన నిలబెట్టి రాస్తే నీ వ్యాసానికి బలం వస్తుంది. విడిగా మార్కో ఒక్కణ్ణే చూస్తే జాలి తప్ప ఇంకేం పుట్టదు.

ఇంకో సంగతి నీ కంట పడలేదు. ఆయన పరిశోధన కాగితాలని తగలబెట్టలేదు. దాచాడు. అదీ వంటల పుస్తకంలా సంకేత భాషలో రాసి, సెంట్రల్ సిటీలో జాతీయ గ్రంథాలయం మొదటి శాఖలో, శత్రువు ముక్కు కిందే. అంత భయంకరమైన పని అని ఆయనే అంటున్నప్పుడు నిప్పు పెట్టేస్తే పోయేది కదా? జరిగినదానికి సాక్ష్యం మిగలాలనా? లేక ఎంత పశ్చాత్తాపం ఉన్నా తన మేధస్సు బూడిదవ్వడం చూడలేకా? కథ జవాబు చెప్పదు. నేనైతే రెండూ ఉన్నాయంటాను, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఈ ప్రశ్న అడగకుండా మార్కో మీద వ్యాసం పూర్తవ్వదు. చివరికి ఆ శాఖని తగలబెట్టింది లస్ట్ అనే హోమంక్యులస్, అంటే ఆ రాయితో పుట్టించిన కృత్రిమ మనిషి. ఆ పుస్తకం అంతకుముందే చదివి, అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్న షెస్కా అనే అమ్మాయి తిరగరాసివ్వబట్టే నిజం బయటపడింది. ముందు ఏమీ చెప్పను పొమ్మన్న మార్కోయే స్టేషన్ దాకా వచ్చి ఆ చోటు రాసిన చీటీ ఇచ్చి వెళ్లాడు. దాచడం, చెప్పడం రెండూ ఒకే మనిషి చేశాడు. నాకు తెలిసి ఆయనలోని నలుగుడు అంతా ఆ చీటీలో ఉంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. నీ వ్యాసంలో స్కార్ పేరు ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ "స్కార్ ఆయన ముఖం పాడుచేశాడు" అని. అమ్మా, తప్పు చేసినవాడి బాధ గురించి రాసేటప్పుడు ఆ తప్పు ఎవరి మీద జరిగిందో వాళ్లని గదిలోంచి బయటికి పంపకూడదు. స్కార్ ఇష్వాలన్. అన్నని, ఊరిని, అందరినీ పోగొట్టుకున్నవాడు. హోమంక్యులస్‌లు బంధించి ఉంచిన చీకటి గదిలో మార్కో అతని ముందు నిలబడి నన్ను చంపెయ్ అంటాడు. ఈ కోరికలో పశ్చాత్తాపం ఉంది, నిజమే. తప్పించుకోవాలన్న ఆశ కూడా ఉంది. ఆయన ఊరిని అడ్డం పెట్టుకుని శత్రువులు ఆయన్ని ఆడిస్తున్నారు, చావు ఒక్కటే ఆ ఉచ్చులోంచి దారి. స్కార్ వెంటనే చంపడు. ముందు ఇష్వాల్‌లో ఏం జరిగిందో చెప్పమంటాడు. ఆ రాయి తన మనుషుల్ని ఎలా మింగిందో స్కార్ వింటాడు, మార్కో నోటితోనే వింటాడు. విన్నాక ఆయన ముఖాన్ని గుర్తుపట్టడానికి వీల్లేకుండా చేసి, వెంట తీసుకుపోతాడు.

ఇక్కడ మార్కోకి క్షమాపణ దొరకలేదని గమనించు. పని దొరికింది. స్కార్ అన్న రాసిపెట్టిన నోట్సుని చదివి అర్థం చేసుకునే పని. నీ డ్రాఫ్ట్‌లో "స్కార్ ఆయన్ని క్షమించాడు" అని ఉంది, దాన్ని కొట్టెయ్యి. స్కార్ ఎక్కడా ఆ మాట అనడు. పైగా స్కార్ చేతులూ శుభ్రంగా లేవు. ఎడ్వర్డ్ వాళ్ల చిన్ననాటి స్నేహితురాలు విన్రీ తల్లిదండ్రులు ఇష్వాలన్లకి వైద్యం చేస్తుంటే, వాళ్లని చంపింది అతనే. ఇది రాస్తే మార్కో తప్పు తగ్గిపోతుందని భయపడకు. తక్కెడలో ఒక పళ్లెం బరువెక్కితే రెండోది తేలికయినట్టు ఈ కథలో పాపాలు తూగవు.

విన్రీ తల్లిదండ్రుల మాట వచ్చింది కాబట్టి ఒక సలహా. మార్కోని మిగతా డాక్టర్లతో కలిపి చూడు. ఒకే యుద్ధంలో విన్రీ తల్లిదండ్రులైన రాక్‌బెల్ దంపతులు ఇటువాళ్లనీ అటువాళ్లనీ చూడకుండా గాయపడిన అందరికీ కట్లు కట్టారు. డాక్టర్ నాక్స్ సైన్యం కోసం ఇష్వాలన్ల మీద కాలిన గాయాల ప్రయోగాలు చేశాడు. మార్కో స్టోన్ చేశాడు. నాక్స్ తరవాత గాయపడిన లాన్ ఫాన్ అనే యోధురాలికి వైద్యం చేస్తాడు. ఆ తరవాత విడిపోయిన భార్య, కొడుకు ఇంటికొచ్చినప్పుడు, వాళ్లతో కూర్చుని కాఫీ తాగే అర్హత తనకుందా అని దేవుణ్ణి తలచుకుని ఏడుస్తాడు. మార్కోకి అలాంటి ఇల్లు కథలో కనపడదు. తిరిగి వెళ్లడానికి ఉన్నది ఇష్వాల్ ఒక్కటే. వీళ్లందరి మీదా ఒక పేజీ రాయి, తొందరపడకు.

ఉత్తరాదిలో ఎన్వీ అనే హోమంక్యులస్‌ని ఓడించిన ఘట్టం నువ్వు బాగానే రాశావు, దాన్ని పెద్దగా కదిలించకు. స్టోన్ చేసినవాణ్ణి కాబట్టి దాన్ని నాశనం చెయ్యడం కూడా నాకే తెలుసు అన్న ధోరణిలో ఆయన ఎన్వీలోని రాయిని బద్దలు కొడతాడు. పాపం చేసిన విద్యే అక్కడ పనికొచ్చింది. ఆ ఘట్టాన్ని ఊళ్లో వెలుగు మెరిసిన ఘట్టం పక్కన పెడితే చాలు.

చివరి ఎపిసోడ్ గురించి మాత్రం కాస్త ధైర్యం చెయ్యాలి. మస్టాంగ్ చూపు పోయింది. మార్కో వచ్చి స్టోన్ ఇస్తానంటాడు. షరతు, ఇష్వాల్ విధానం మార్చాలి, తనని అక్కడ డాక్టరుగా ఉండనివ్వాలి. మస్టాంగ్ ఒప్పుకుని, ముందు తన కింద పనిచేసిన హావోక్ చచ్చుబడ్డ కాళ్లు బాగుచెయ్యమంటాడు. చూడ్డానికి ఎంత చక్కని ముగింపు! కానీ ఆ రాయిలో ఉన్నది ఇష్వాలన్లు. చూపు తిరిగొస్తున్నది ఇష్వాల్‌ని తగలబెట్టిన మనిషికి. ఆ గదిలో ఇద్దరు మంచి మనసుతోనే బేరం కుదుర్చుకున్నారు, ఆ రాయిలోని వాళ్ల తరఫున అనుమతి ఇవ్వగలిగేవాడు ఒక్కడూ అక్కడ లేడు. "ఇలా మార్కో ప్రాయశ్చిత్తం పూర్తయింది" అని నువ్వు రాసింది ఈ దృశ్యం మీద ముసుగు కప్పడమే. నీకు ఇది సరైనదనిపిస్తే సరైనదనే రాయి, కానీ ఎవరిని అడగకుండా సరైనదయిందో కూడా రాయి.

నేపథ్యం కోసం కొంచెం చదువు. మాంగా 2001 నుంచి 2010 దాకా వచ్చింది, 27 సంపుటాలు. 2003లో వచ్చిన మొదటి ఆనిమే 51 ఎపిసోడ్లు, అది సగంలో వేరే దారి పట్టింది. అందులోని మార్కోని, బ్రదర్‌హుడ్ మార్కోని కలిపి రాస్తే చదివేవాళ్లు వెంటనే పట్టుకుంటారు. అరకావా జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడోలో పాడి రైతుల ఇంట పుట్టింది, ఒకప్పుడు ఐనూ అనే ఆదివాసీ ప్రజల నేల అది. ఇష్వాల్ భాగం కోసం యుద్ధంలో పాల్గొన్న పెద్దవాళ్లతో మాట్లాడింది. ఇది ఒక్క పేరాకి మించనివ్వకు. కథలోని ఇష్వాల్‌ని చరిత్రలోని ఏ ఒక్క దేశానికో అతికించేస్తే మార్కో చేతులు కనబడకుండా పోతాయి.

తిరగరాశాక నాకు పంపు. పంపేముందు ఆ ఆనిమే చూడని స్నేహితురాలెవరికైనా గట్టిగా చదివి వినిపించు. "మరి ఆ ఇష్వాలన్ల సంగతేంటి?" అని ఆ అమ్మాయి తనంతట తాను అడిగిందా లేదా అన్నది గమనించి, అది కూడా నాకు రాయి.

మీ బాబాయి