అయస్కాంతం అంటుకోకపోతే స్టీలు కాదా?

ప్రశ్న: కొత్తగా ఇండక్షన్ స్టవ్ కొన్నాం. అమ్మ పెళ్లినాటి స్టీలు గంజు పెడితే స్టవ్ కీచుమని ఆగిపోతోంది. మొన్న చవకగా కొన్న గిన్నేమో చక్కగా వేడెక్కుతోంది. ఫ్రిజ్ మీది మాగ్నెట్ గంజుకు అంటుకోవట్లేదు. అది డూప్లికేటా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

అమ్మ గంజును అనుమానించకండి. మామూలు లోహాల్లో అయస్కాంతానికి గట్టిగా అతుక్కునేవి ఇనుము, నికెల్, కోబాల్ట్ మాత్రమే. తమాషా ఏంటంటే, ఇనుములో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిపి 304 రకం స్టీలు చేస్తే పరమాణువుల అమరికే మారిపోయి ఆ గుణం పోతుంది. మీ గంజు ఇలాంటిదే అయ్యుంటుంది. నికెల్ దాదాపు లేని 430 రకం చవక, దానికి మాగ్నెట్ టక్కున అంటుకుంటుంది. అలాగని అంటుకోనిదల్లా మేలైనదీ కాదు. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన 201 రకం కూడా అంటుకోదు. మాగ్నెట్ పెట్టి స్టీలు నాణ్యత తేల్చేవాళ్లను నేనైతే నమ్మను.

స్టవ్‌కు మాత్రం అదే పరీక్ష. లోపలి తీగచుట్టలో కరెంటు సెకనుకు 20 వేలకు పైగా సార్లు దిశ మారుతుంది. దాంతో గిన్నె అడుగులో సుడులు తిరిగే కరెంటు పుడుతుంది. అయస్కాంత గుణమున్న స్టీలులో అది పైపొరలోనే ఇరుక్కుని, అడ్డంకి ఎక్కువై, వేడిగా మారుతుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియంలో కరెంటు సాఫీగా పారుతుంది కాబట్టి వేడి చాలదు. పెంబర్తి ఇత్తడి పాత్ర ఎంత ముద్దొచ్చినా ఈ స్టవ్ మీద దండగే.

గిన్నె కొనేటప్పుడు మాగ్నెట్ వెంట తీసుకెళ్లి అడుగు మధ్యలో పెట్టి చూడండి. అంచుల దగ్గర చూస్తే మోసపోతారు, వంపులు తిప్పినచోట 304 కూడా కాస్త అంటుకుంటుంది. మాగ్నెట్‌లో బలం ఉందో లేదో తెలియాలంటే ఇప్పటి రూపాయి బిళ్ల మీద పెట్టండి, పట్టుకోవాలి. పది రూపాయల బిళ్ల పట్టుకోదు. అమ్మ గంజు గ్యాస్ పొయ్యి మీదే ఉండనివ్వండి.

ప్రశ్న: బైక్‌కు మాగ్నెట్ హోల్డర్ పెట్టించా. ఫోన్‌లో ఫొటోలు పోతాయని టెన్షన్. – ఒక పాఠకుడు, కరీంనగర్

పోవు. ఫోన్ మెమరీ అయస్కాంతంతో పనిచేసేది కాదు. దిక్సూచి మాత్రం తికమకపడి, మ్యాప్‌లో బాణం తప్పు దారి వైపు తిరగొచ్చు. ఫోన్ కవర్‌లో ఏటీఎం కార్డు పెట్టే అలవాటుంటే తీసేయండి, దాని నల్ల పట్టీ నిజంగానే చెడిపోవచ్చు.