నురగ జిగురులో రబ్బరు కలిపే ముందు

రేణిగుంట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను నాయనా. కార్లలో స్టీలును అతికించే మీ ఎపాక్సీ నురగ జిగురు, పరీక్ష కోసం అతికిన రెండు స్టీలు పట్టీల మధ్య ఒక్క దెబ్బకే పుటుక్కున విరిగింది. జిగురులో రబ్బరు ఇంకొంచెం పెంచాలా అని అడిగావు. ముందు విరిగిన ముఖం చూడు. జిగురంతా ఒక పట్టీకే అంటుకుని, రెండోది తుడిచినట్టు ఉంటే అది రబ్బరుతో పోయే జబ్బు కాదు, పట్టీ శుభ్రం సంగతి చూసుకోవాలి. మీది మధ్యలోనే పగిలింది, పైగా పగిలిన చోట గాజులా మెరుస్తోంది. అంటే పెళుసు. ఇక్కడ రబ్బరు పనికొస్తుంది.

రబ్బరు రేణువు పగులుకు అడ్డంగా నిలబడి ఆపుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. పగులు కొన దగ్గర లాగుడుకు రేణువు లోపలే చిట్లి గుల్లవుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న ఎపాక్సీకి సాగే వీలు దొరుకుతుంది. దెబ్బ శక్తి ఎక్కువగా ఆ సాగడంలోనే ఖర్చవుతుంది. అందుకే బాగా పనిచేసిన జిగురు విరిగిన చోట తెల్లగా పాలిపోతుంది. భూతద్దం పెట్టుకుని ఆ తెలుపు వెతుకు.

నురగలో బరువు మోసేది బుడగల మధ్య గోడలే. అందుకే రబ్బరు రేణువు ఆ గోడ మందం కన్నా బాగా చిన్నదిగా ఉండాలి. ద్రవ రబ్బరు, అదే సీటీబీఎన్, ఎపాక్సీలో కరిగి ఉండి, క్యూర్ అయ్యేటప్పుడు, అంటే ఓవెన్‌లో గట్టిపడేటప్పుడు, విడిపోయి మైక్రాన్ల సైజు రేణువులవుతుంది. ఓవెన్ వేడి మారితే ఆ సైజూ మారుతుంది. కొంత విడిపోకుండా ఎపాక్సీలోనే మిగిలి, వేడికి జిగురును త్వరగా మెత్తబరుస్తుంది. కోర్-షెల్ రేణువులు, అంటే లోపల మెత్తని రబ్బరు, పైన గట్టి పొర ఉన్నవి, ముందే తయారై వస్తాయి, 100 నుంచి 300 నానోమీటర్ల దాకా. ఓవెన్ వాటి సైజును మార్చదు. నురగకైతే నేను వాటినే వాడమంటాను.

పొడిగా మాత్రం కొనొద్దు. అమ్మ అంబలి కాచేటప్పుడు రాగిపిండిని ముందు చన్నీళ్లలో కలుపుకుని, తర్వాతే ఎసట్లో పోస్తుంది కదా. నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. ఇదీ అంతే. ద్రవ ఎపాక్సీలో ముందే కలిపి ఉన్న మాస్టర్‌బ్యాచ్ దొరుకుతుంది, అది తీసుకో. అందులో వచ్చే ఎపాక్సీని లెక్కలో తగ్గించడం మరిచిపోవద్దు, లేకుంటే ఎపాక్సీని గట్టిపరిచే హార్డెనర్ పాళ్లు తప్పుతాయి. నురగ పుట్టించే మందు చివర్లో కలుపు. ఎండాకాలం మిక్సరు వేడెక్కితే మధ్యలో ఆపి చల్లారనివ్వు.

నేను మోసపోయిన చోటొకటి చెబుతాను. అప్పట్లో 100 భాగాల ఎపాక్సీకి 20 భాగాల ద్రవ రబ్బరు వేశాను. దెబ్బ పరీక్షలో అంకె బాగా పెరిగింది, రెండు రోజులు సంబరపడ్డాను. తర్వాత ముక్క కోసి తూకం వేస్తే అసలు సంగతి తెలిసింది. పేస్టు చిక్కబడి నురగ సరిగ్గా పొంగలేదు. బుడగలు తక్కువ, సరుకు ఎక్కువ. పెరిగిన అంకెలో రబ్బరుది ఎంతో, సాంద్రతది ఎంతో విడదీసే దారి లేకపోయింది. ఆ బ్యాచ్‌లన్నీ మళ్లీ చేశాను. అందుకే ప్రతి ముక్కనూ తూచు, సాంద్రత సమానంగా ఉన్నవాటినే పోల్చు. పొంగడం తగ్గితే ముందు ఫార్ములా సవరించు, దెబ్బ పరీక్ష ఆ తర్వాత.

చలి పరీక్ష వదలొద్దు. మన తిరుపతిలో చలంటే స్వెట్టరు దాకానే గానీ, ఆ జిగురు పెట్టిన కారు ఏ మంచు దేశానికి పోతుందో. చలికి గట్టిపడిన రబ్బరు చిట్లదు, ఎపాక్సీని సాగనివ్వదు. పాలీబ్యూటడైన్ అనే రబ్బరు కోర్‌గా ఉన్న రేణువులు మైనస్ 40 డిగ్రీల్లోనూ మెత్తగానే ఉంటాయి. సీటీబీఎన్‌లో ఒక భాగమైన అక్రిలోనైట్రైల్ పెరిగేకొద్దీ ఆ గుణం తగ్గుతుంది. పట్టీల మధ్యకు ఆప్పును దెబ్బతో దించి చీల్చే ఐఎస్‌ఓ 11343 పరీక్షను గది వేడిలోనూ, మైనస్ 30 డిగ్రీల్లోనూ చెయ్యి.

100 భాగాల ఎపాక్సీకి రబ్బరు 0, 5, 10, 15 భాగాల చొప్పున నాలుగు బ్యాచ్‌లు చేసి, ఆదివారం ఇంటికి తీసుకురా. ఫోటోలు వద్దు, విరిగిన ముక్కలే కావాలి. ఏ ముక్క ఏ బ్యాచ్‌దో వెనక పెన్నుతో రాసిపెట్టు.

నీ మామయ్య